సమస్యాపూరణం: "రాణి చావఁ జూచి రాజు నవ్వె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

రాణి చావఁ జూచి రాజు నవ్వె

పైకి చూస్తే రాజుగారిని జైల్లో పెట్టాల్సిన పాదం. చదరంగంలోకి తెచ్చి విడిపించండి. షరతు ఒకటే: విషయం 2024 సెప్టెంబరు 20న బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) తొమ్మిదో రౌండు, భారత్–ఉజ్బెకిస్థాన్. ఎనిమిది రౌండ్లూ గెలిచి వచ్చిన మనవాళ్లను 2022 చాంపియన్లు 2–2 దగ్గర ఆపేశారు. గుకేశ్, ప్రజ్ఞానంద, అర్జున్, విదిత్: నాలుగు బోర్డులూ డ్రానే, ఆటకు అర పాయింటు చొప్పున.

కొత్తకలం: నా ప్రయత్నం. స్టేల్‌మేట్ (రాజుకు చెక్ లేకపోయినా వేసే ఎత్తే మిగలక ఆట డ్రా కావడం) మీద అల్లాను.

ఎత్తు లేక నలిగి యిక నోటమే యన
తెల్లవాడు రాణి తెగువ నొసగె
చంపినంత నెటును జరుగలేకాటాగె
రాణి చావఁ జూచి రాజు నవ్వె

గురులఘువు: సమస్య చక్కగా విడిపోయింది. రాణి ఎందుకు చచ్చిందో, రాజు ఎందుకు నవ్వాడో పద్యంలోనే ఉంది. కానీ 'తెల్లవాడు' అనగానే నాకు టోపీ పెట్టుకున్న దొర కనిపించాడు. "తెల్ల రాణి నొసగె తెగువతోడ" అంటే గణాలూ యతీ అలాగే ఉంటాయి, దొరా వెళ్లిపోతాడు. 'ఆటాగె' కొంచెం వాడుక వాసన కొడుతోంది. అయినా అత్తునకు సంధి బహుళం కదా, వదిలేద్దాం.

ఓరుగల్లు బంటు: పద్యం బాగుంది, షరతే తప్పింది. ఇది ఇద్దరి ఆట. జట్టేదండీ? టీమ్ మ్యాచ్‌లో పక్క బోర్డు స్కోరు చూసుకుంటూ ఆడతారు. తన ఆటలో రిస్క్ తీసుకోవాలా వద్దా అన్నది ఒక్కడి ఇష్టం కాదు. మా అర్జున్ ఆ టోర్నీ మొత్తంలో 11కి 10 పాయింట్లు తెచ్చాడు. అంతటివాడూ ఆ రోజు అర పాయింటుతోనే లేచాడు.

విశాఖ తీరం: అయితే ఇది చూడండి.

నాల్గు బల్లలందు నలుగురూ నిలువగ
సగము సగముగాను సాగె రణము
పట్టు వదలకున్న పైమెట్టు మనదని
రాణి చావఁ జూచి రాజు నవ్వె

గురులఘువు: మూడో పాదం నాకు బాగా నచ్చింది. జట్టు మ్యాచ్ గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. ఆ ఒక్క పాయింటు 17వది, పైమెట్టు జారనివ్వనిది. కానీ మూడు పాదాల్లోనూ రాణి ఊసే లేదు. చివర్లో హఠాత్తుగా శవం తేలింది! పూరణలో ఇది పెద్ద లోపం. సమస్య విడిపోలేదు, అతికింది. రెండో పాదం ఇలా మార్చి చూడండి: "రాణి రాణితోడ రాలిపడగ". క్వీన్లు మార్చుకుంటే రెండు రాజులకూ సగం భయం పోతుంది, ఆట డ్రా వైపు ఒరుగుతుంది.

విశాఖ తీరం: ఒక్క పాదంతో ప్రాణం పోశారు గురువుగారూ. అలాగే మారుస్తున్నాను.

సీతకోక: నాకు 2022, 2024 మ్యాచ్‌లు రెండూ గుర్తొచ్చాయి.

చెన్నపురిని నాడు చేజారె గెలుపయ్యొ
నేడు రెండు రెండు గెలిచినట్లె
బలము తగ్గఁ దగ్గ భయమును దగ్గెను
రాణి చావఁ జూచి రాజు నవ్వె

ఓరుగల్లు బంటు: భలే! 2022 చెన్నై ఒలింపియాడ్‌లో మన రెండో జట్టుకీ ఉజ్బెకిస్థాన్‌కీ మధ్య స్కోరు ఇదే 2–2. గెలవాల్సిన ఆటను గుకేశ్ అబ్దుసత్తోరోవ్‌కి పోగొట్టుకుంటే, ప్రజ్ఞానంద గెలిచి మ్యాచ్ నిలబెట్టాడు. వాళ్లకు స్వర్ణం, మనకు కాంస్యం. రెండేళ్ల తర్వాత ఆ గుకేశ్, అబ్దుసత్తోరోవ్‌లే ఒకటో బోర్డులో కూర్చుని డ్రా చేసుకున్నారు. ఆ తర్వాత మనవాళ్లు అమెరికానీ స్లొవేనియానీ కొట్టి 22కి 21 పాయింట్లతో స్వర్ణం పట్టుకొచ్చారు. అందుకే 'గెలిచినట్లె' అన్నది ఉత్త సముదాయింపు కాదు.

గురులఘువు: భావానికి నూటికి నూరు. యతికి కోత. రెండో పాదంలో 'నే'కి 'గె' కుదరదు. "నెగ్గినట్లె" అంటే సరి. ఆడింది మామల్లపురంలో, చెన్నపురితో సర్దుకుందాం. 'బలము' అన్న మాట బోర్డు మీద పావులకూ, మనిషి సత్తువకూ రెండింటికీ అతికింది. ఈ వారం నా ఓటు దీనికే.

కొత్తకలం: అదే రోజు మన అమ్మాయిలు కూడా అమెరికాతో 2–2 చేశారు కదా. దాని మీద రాయొచ్చా?

నిర్వాహకుడు: రాయండి. కానీ అక్కడ వంతిక గెలిచి మ్యాచ్ కాపాడింది, నాలుగూ డ్రాలు కావు. రాణి చస్తే నవ్వే రాజు ఆ మ్యాచ్‌లో ఎక్కడ దొరుకుతాడో మీరే వెతుక్కోవాలి. గడువు ఆదివారం రాత్రి.