ఒక్క కమాండ్‌కి వేరియబుల్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలా, ముందు తగిలించాలా?

మద్దిలపాలెం_బాష్:
రుషికొండ కొండ మీద మా ఆఫీసులో టీమంతా ఒకే టెస్ట్ సర్వర్, ఒకే లాగిన్, టీమక్స్ (ఒకే టెర్మినల్ విండోని అందరూ వాడుకునే ప్రోగ్రాం) సెషన్ కూడా పంచుకుంటాం (అది బాలేదని తెల్సు, దాని మీద క్లాస్ పీకొద్దు). మొన్న ఎవరో డేటాబేస్ అడ్రస్ ఎక్స్‌పోర్ట్ చేసేసి (అంటే ఆ షెల్‌లో, మనం కమాండ్లు కొట్టే ప్రోగ్రాంలో, తర్వాత నడిపే ప్రతి కమాండ్‌కీ అందేలా పెట్టేసి) టీకి దిగిపోయారు, తర్వాత అదే విండోలో కూచున్నోడు చూసుకోకుండా మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే కమాండ్) కొట్టాడు, అది పోయి స్టేజింగ్ (రిలీజ్‌కి ముందు ఆఖరిగా సరిచూసే సర్వర్) మీద ఆడింది, సాయంత్రం దాకా అందరం బ్యాకప్ ముందే. అందుకే నా వాదన ఏంటంటే, టెర్మినల్‌లో చేత్తో ఎక్స్‌పోర్ట్ కొట్టడం మానెయ్యాలి. యూటీసీ టైమ్‌లో తేదీ చూడ్డానికి టీజెడ్=యూటీసీ డేట్ అని కొడతాం కదా, అలా కమాండ్ ముందు తగిలిస్తే ఆ కమాండ్ వరకే ఉంటుంది, అది అయిపోగానే మన షెల్‌లో దాని ఆనవాలే ఉండదు. కాదనేవాళ్లు రండి.

గాజువాక_గురూ:
అదేటి గురూ, గేటు తీసి పోయినోడిని వదిలేసి గేటుని తిడుతున్నావు. సెషన్ పంచుకోవడం మీది తప్పు, ఎక్స్‌పోర్ట్‌ది కాదు. ఒక్క కమాండ్ అయితే నువ్వన్నది సరే, కానీ పొద్దున్నుంచి ఒకే ప్రాజెక్ట్ మీదుంటే, ఆరు వేరియబుల్స్ ప్రతిసారీ ముందు తగిలిస్తే అసలు కమాండ్ ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. రెండు పద్ధతులూ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌లో బోర్న్ షెల్‌తో పాటు వచ్చినవే, ఒకటి మంచిది ఒకటి చెడ్డది అని ఎవడూ చెప్పలే. పైగా నీ దాంట్లోనూ గోతులున్నాయి, ఎక్స్=5 ఎకో $ఎక్స్ కొట్టి చూడు ఏటొస్తుందో.

మద్దిలపాలెం_బాష్:
ఖాళీ లైనొస్తుంది, తెల్సు. షెల్ ముందు ఆ లైన్లో డాలర్ ఉన్నవాటిని తన దగ్గరున్న పాత విలువలతో మార్చేసుకుంటుంది, కొత్త విలువ పెట్టేది ఆ తర్వాత. అంటే ఎకో చేతికి వచ్చేసరికే అక్కడేం లేదు. అదే ఎకో మాటని సింగిల్ కోట్స్‌లో పెట్టి ఎస్‌హెచ్ -సి కి ఇస్తే 5 వస్తుంది, డాలర్‌ని విప్పేది లోపలి షెల్ కాబట్టి. నిజం ప్రోగ్రాములు వేరియబుల్‌ని ఎన్విరాన్‌మెంట్ (షెల్ ప్రోగ్రాంకి అందించే వేరియబుల్స్ మూట) నుంచే చదూకుంటాయి, వాటికి ఈ గొడవ లేదు.

సీతమ్మధార_లాగ్స్:
గొయ్యి అది కాదు, పైపు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికిచ్చే | గుర్తు). ఎల్‌సీ_ఆల్=సి క్యాట్ లాగ్ | సార్ట్ అని రాసేవాళ్లని నేను వారానికొకర్ని చూస్తాను. అది క్యాట్‌కే అంటుకుంటుంది, సార్ట్ మామూలు లొకేల్‌లోనే (భాష, అక్షరాల వరస చెప్పే సెట్టింగ్) ఆడుతుంది. && తర్వాత కమాండ్‌కి కూడా అంతే, పోదు. ఇంకా ఘోరం ఏంటంటే ఒక ఫైల్‌ని సి లొకేల్‌లో సార్ట్ చేసి (పెద్దక్షరాలన్నీ ముందు, చిన్నవి తర్వాత), రెండోదాన్ని మామూలుగా సార్ట్ చేసి, రెంటినీ జాయిన్‌కి (రెండు ఫైళ్లని కలిపే కమాండ్) ఇస్తే ఇది వరసలో లేదు పొమ్మంటుంది. అలాంటి చోట స్క్రిప్ట్ మొదట్లో ఒక్క ఎక్స్‌పోర్ట్ పెట్టడమే కరెక్టు, ప్రతి సార్ట్ ముందూ తగిలిస్తూ పోతే ఎక్కడో ఒకటి మర్చిపోతాం, అది నెల తర్వాత బయటపడుద్ది.

గాజువాక_గురూ:
అద్గదీ!

మద్దిలపాలెం_బాష్:
స్క్రిప్ట్‌లో నేనూ వద్దన్లేదు, చేత్తో అన్నాను, పైన చదవండి. చేత్తో అయినా రెండు మూడు కమాండ్లుంటే మొత్తం బ్రాకెట్లలో పెట్టి లోపల ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, అది సబ్‌షెల్ (మన షెల్ నుంచి పుట్టే విడి షెల్), బ్రాకెట్ మూసేస్తే అంతా పోతుంది.

గాజువాక_గురూ:
రోజంతా బ్రాకెట్లలో బతకలేను గానీ, ఇంకో బాష్ తెరిచి దాంట్లో ఎక్స్‌పోర్ట్ చేసి, పనయ్యాక ఎగ్జిట్ కొడతాను. ఎక్స్‌పోర్ట్ మాత్రం వదల్ను.

ఎంవీపీ_ఫిష్:
మీరిద్దరూ బాష్ అనే ఒక్క షెల్ లోకంలోనే ఉన్నారు. ఫిష్ అనే ఇంకో షెల్‌లో ఈ ముందు తగిలించడం 2020లో 3.1 వచ్చేదాకా లేదు, సీషెల్‌లో ఇప్పటికీ లేదు, అందుకే నా చేతికి ఎన్వ్ (వేరియబుల్ ఇచ్చి కమాండ్ నడిపే విడి ప్రోగ్రాం) అలవాటు, ఎన్వ్ టీజెడ్=యూటీసీ డేట్ అంటే ఏ షెల్‌లోనైనా ఆడుద్ది. ఎన్వ్ -ఐ పెడితే ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో నడుస్తుంది, మన దగ్గర ఆడి క్రాన్‌లో (టైముకి కమాండ్లు తనంతట తనే నడిపేది) ఆడని స్క్రిప్ట్‌ని పట్టుకోవాలంటే దానికి మించింది లేదు. పాస్‌వర్డ్ మాత్రం ఎన్వ్‌తో ఇవ్వకండి, అది ఎన్వ్‌కి ఆర్గ్యుమెంట్ కాబట్టి ఓ క్షణం పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాముల లిస్టు చూపే కమాండ్) కొట్టిన ఎవడికైనా కనపడొచ్చు. షెల్‌లో ముందు తగిలిస్తే ఆ బాధ లేదు, నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్ లోపల ఎన్విరాన్ ఫైల్ ఆ యూజర్‌కీ రూట్‌కే (అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్) తెరుచుకుంటుంది. అయితే మీ ఆఫీసులో అందరిదీ ఒకే లాగిన్ కదా బాస్, అక్కడ దాచుకోడానికి ఏం మిగల్లేదు. పైగా హిస్టరీలో పడుద్ది. ఉబుంటులో కమాండ్ ముందు ఒక స్పేస్ కొడితే హిస్టరీలో చేరదు, అదొక్కటే ఊరట.

కొత్తగా_లినక్స్:
అన్నా, మధ్యలో వస్తున్నా సారీ. సుడో (రూట్‌గా కమాండ్ నడిపేది) ముందు వేరియబుల్ పెట్టినా ప్రోగ్రాంకి చేరట్లేదు, ఎక్స్‌పోర్ట్ చేసినా అంతే. ఎవరి మాట వినాలి?

సీతమ్మధార_లాగ్స్:
ఎవరిదీ వద్దు తమ్ముడూ. సుడో మామూలుగా ఎన్విరాన్‌మెంట్‌లో చాలామటుకు తుడిచేసే రూట్‌కి దాటిస్తుంది, అలాగే సెట్ చేసుంటుంది. సుడో అన్నాక, కమాండ్‌కి ముందు పెట్టు. నీకు అన్ని కమాండ్లకీ పర్మిషన్ ఉంటే ఆడుద్ది, లేకపోతే మీ అడ్మిన్ దయ.

కొత్తగా_లినక్స్:
వచ్చిందన్నా, థాంక్స్.

గాజువాక_గురూ:
అయితే సుడో దగ్గర మా ఇద్దరికీ సున్నా. మద్దిలపాలెం, ఆ లాగిన్లు విడగొట్టించు ముందు, తర్వాత ఎక్స్‌పోర్ట్ మీద పడుదువుగాని.