రెవిట్‌లో రెండు స్లోపు కప్పులు చూరు దగ్గర కలవడం లేదు, ఎలా సరిచేయాలి?

ప్రశ్న: సీమ డ్రాయింగ్, ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. నేను రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. మా వైపు ఇల్లంటే మిద్దే, స్లోపు స్లాబు పని చేతికి రావడం తక్కువ. ఇప్పుడు మైదుకూరు దగ్గర ఒక రిటైర్డ్ టీచరు గారి ఇల్లు గీస్తున్నాను. నాలుగు వైపులా వాలు, పైన మంగళూరు పెంకు. ట్యూషన్ చెప్పుకోవడానికి ముందుకు ఒక గది తీశారు, దానికి వేరే కప్పు.

ఇంటి వెడల్పు 24 అడుగులు, వాలు అడుగుకు 6 అంగుళాలు. ముందు గది 12 అడుగులు, వాలు అడుగుకు 4 అంగుళాలు. అది ఇంటి కంటే ఎత్తుగా కనబడకూడదని సార్ కోరిక. గోడలన్నీ 9 అంగుళాలు, గోడ ఎత్తు ఒకటే, చూరు అంతటా 2 అడుగులు. అయినా మూలలో ఇంటి చూరు 8½ అంగుళాలు కిందికి ఉంది. అంచులు లాగి చూశాను, కప్పులను కలిపే జాయిన్ రూఫ్ కమాండ్ వాడాను. ప్లాన్‌లో కలిసినట్టే ఉంటుంది, సెక్షన్ తీస్తే, అంటే నిలువుగా కోసి చూస్తే, మళ్లీ సందే. సెంట్రింగ్ మేస్త్రీ మూలమూలకూ లెవెల్ రాసిమ్మంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.

జవాబు: త్రీడీ నంద్యాల

ముందు గది కప్పును మొత్తంగా కిందికి దించేలా బేస్ ఆఫ్‌సెట్ మైనస్ 8½ ఇచ్చేయండి. చూర్లు కలిసిపోతాయి.

జవాబు: పాత డ్రాఫ్ట్స్‌మన్, కడప

అలా చేయొద్దమ్మా. చూరు కలుస్తుంది, కానీ స్లాబు 8½ అంగుళాలు గోడలోకి దిగిపోతుంది. లింటెల్‌కీ స్లాబుకీ మధ్య వరసలు ఎన్ని మిగులుతాయో చూసుకో. స్క్రీన్ మీద అంచు లాగి మూసిన సందు సెంట్రింగ్ కొట్టే రోజు మళ్లీ తెరుచుకుంటుంది.

నీ 8½ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలియాలి. ఇంటి వాలు అడుగుకు 6, చూరు 2 అడుగులు, అంటే గోడ నుంచి చూరు అంచుకు 12 అంగుళాలు దిగింది. ముందు గది వాలు 4, అదే 2 అడుగులకు దిగింది 8. తేడా 4 అంగుళాలు. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ఎవరు గీసినా వచ్చేదే.

మిగిలింది 4½. నీ గోడ 9 అంగుళాలు, ఇంటి వాలు అడుగుకు 6, అంటే సగం. తొమ్మిదిలో సగం నాలుగున్నర! నా లెక్క ప్రకారం ఒక కప్పు ప్రాపర్టీస్‌లో ‘రాఫ్టర్’, ఇంకోదానిలో ‘ట్రస్’ అని ఉండాలి. పిక్ వాల్స్‌తో, అంటే గోడలను ఎంచుకుని, గీసిన కప్పుకు రాఫ్టర్ అంటే ఎత్తును గోడ లోపలి ముఖం నుంచి, ట్రస్ అంటే బయటి ముఖం నుంచి కొలుస్తుంది. రెండూ ట్రస్సే పెట్టు.

ఇక వాలు సంగతి. సార్‌కు కావలసింది ముందు గది తక్కువ ఎత్తు. దానికి వాలు తగ్గించనక్కర్లేదు. వాలు రెండింటికీ 6 పెట్టినా, 24 అడుగుల ఇంటి రిడ్జి, అంటే కప్పు నడినెత్తి, గోడ మీద 6 అడుగులు లేస్తుంది, 12 అడుగుల గదిది 3 అడుగులే. వెడల్పు తక్కువ కాబట్టి దానంతట అదే దిగి ఉంటుంది. వ్యాలీ, అంటే రెండు వాలులు లోపలికి కలిసే గీత, కూడా ప్లాన్‌లో సరిగ్గా 45 డిగ్రీల్లో వస్తుంది, సెంట్రింగ్ పలక కోయడం మేస్త్రీకి సుళువు. వాలులు వేరైతే ఆ గీత ఒక పక్క 2 అడుగులు పోయేసరికి ఇంకో పక్క 3 అడుగులు పోతుంది. 45లో గీసి కూర్చుంటే ఎన్నటికీ మూసుకోదు.

నాలుగే కావాలని సార్ పట్టుబడితే ముందు గది గోడను 4 అంగుళాలు తగ్గించు, లేదా దాని చూరు 3 అడుగులు చెయ్యి. 3 అడుగులైతే కమ్మీ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుతో వేయించాలి.

రెండు కప్పులనూ ఒకే ఫుట్‌ప్రింట్ స్కెచ్‌లో, అంటే కప్పు అంచుల ఒకే గీతలో, గీయడం నాకు ఇష్టం. అందులో చూర్లను సమం చేసే అలైన్ ఈవ్స్ నొక్కితే ఒక్కో చూరు ఎత్తు అక్కడే అంకెల్లో కనబడుతుంది.

జవాబు: సైట్ ఇంజనీర్, అనంతపురం

అన్న చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతాను. స్లాబు మందం రెండింటికీ ఒకటేనా? ఇంటికి 5, గదికి 4 అంగుళాలు ఇస్తే, అడుగున కలిసినా పైన అంగుళానికి కొంచెం ఎక్కువే మెట్టు పడుతుంది. పెంకు అక్కడ లేస్తుంది. మేస్త్రీకి ఇచ్చే లెవెళ్లు స్లాబు అడుగువి రాయండి, ఆయన పలక పరిచేది అక్కడే. 5 అంగుళాల స్లాబు ఈ వాలులో నిలువుగా కొలిస్తే 5.6 వస్తుంది, పైనుంచి 5 తీసేస్తే తప్పిపోతుంది.

సీమ డ్రాయింగ్

అన్నా, నిజమే. ఇంటి కప్పు రాఫ్టర్‌లో, ముందు గది ట్రస్‌లో ఉన్నాయి. రెండూ ట్రస్ చేయగానే తేడా దాదాపు సగానికి దిగింది. వాలు 6 చేశాక చూర్లు పూర్తిగా కలిశాయి. రిడ్జి 3 అడుగులే అని ఎలివేషన్ చూపిస్తే సార్ వెంటనే సరేనన్నారు. మందం కూడా రెండింటికీ 5 పెట్టాను. వ్యాలీలో నీళ్ల సంగతి ఎలా?

పాత డ్రాఫ్ట్స్‌మన్, కడప

రెండు కప్పుల నీళ్లూ అక్కడికే చేరతాయమ్మా. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వానలు మన జిల్లా చూసిందే. వ్యాలీ పొడవునా పెంకు కింద వాటర్‌ప్రూఫింగ్ రెండు పక్కలకూ ఎక్కించి వేయించు, పెంకు అంచులు ఎడంగా కోసి కాలువ వదిలించు. వ్యాలీ మధ్యలో పోత ఆపి జాయింటు మాత్రం రానివ్వకు, కాంక్రీటు రెండు వైపులా ఒకే రోజు పోయాలి.