ఎస్‌ఎఫ్7లో జాయిన్ యాక్సెప్ట్ అందడం లేదు: క్రిస్టల్ వేయాల్సిందేనా?

సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున నీటిమట్టం కొలిచే లోరావాన్ (తక్కువ కరెంటుతో దూరానికి డేటా పంపే రేడియో నెట్‌వర్క్) నోడు. మైక్రోకంట్రోలరు ఎస్‌టీఎం32ఎల్0, రేడియో చిప్ ఎస్‌ఎక్స్1276, మన దేశపు ఐఎన్865 బ్యాండు. నెట్‌వర్క్‌లో చేరడానికి నోడు పంపే జాయిన్ రిక్వెస్టు గేట్‌వేకు చేరుతోంది, సర్వరు జవాబూ (జాయిన్ యాక్సెప్ట్) పంపుతోంది. ఎస్‌ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్; ఇది పెరిగేకొద్దీ సందేశం నెమ్మదిగా వెళ్తుంది) 12లో ఎప్పుడైనా జాయిన్ అవుతుంది. ఎస్‌ఎఫ్7లో మాత్రం పొద్దున అవుతుంది, ఎండ ముదిరాక అవదు. యాంటెన్నా, ఎన్‌క్రిప్షన్ కీలు సరిగ్గానే ఉన్నాయి.

అనుమానమంతా గడియారం మీదే. బోర్డు మీద 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ లేదు; టైమరు చిప్ లోపలి ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) గడియారం ఎల్‌ఎస్‌ఐ మీద నడుస్తోంది. జవాబు 5 సెకన్లకు వస్తుంది, అందులో 1 శాతం తప్పినా 50 మిల్లీసెకన్లు. ఎస్‌ఎఫ్7 ప్రియాంబుల్ (సందేశానికి ముందు వచ్చే, రిసీవరు పట్టుకోవాల్సిన సంకేతం) మొత్తం 12 మిల్లీసెకన్లే, ఎస్‌ఎఫ్12లో 400.

రిసీవ్ విండో (జవాబు కోసం వినే సమయం) పెంచితే జాయిన్ అవుతుంది. కానీ ప్రతి అప్‌లింక్ (నోడు పంపే సందేశం) తర్వాతా రిసీవరు 10 మిల్లీయాంపులకు పైగా లాగుతూ కూర్చుంటుంది, బ్యాటరీకి అది భారమే.

పంపే ముందు ప్రతిసారీ ఎల్‌ఎస్‌ఐని చిప్‌లోనే ఉన్న 16 మెగాహెర్ట్జ్ గడియారం హెచ్‌ఎస్‌ఐ16తో కొలిచి సరిచేస్తే ఎండలో మూసిన పెట్టెలో నిలుస్తుందా? హెచ్‌ఎస్‌ఐ కూడా ఆర్‌సీయే కదా, వేడికి అదీ జారుతుంది. క్రిస్టలే వేయాలంటే లోడు 7 పికోఫారడ్ల రకమా, 12.5దా? ఎల్‌ఎస్‌ఈ (ఆ క్రిస్టల్‌ను నడిపే ఆసిలేటరు) డ్రైవ్ ఏ స్థాయిలో పెట్టారు? ఇలాంటి బోర్డు ఎండలో నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.