పాతింట్ల గోడల మరకలు: ఎంత పెయింట్ ఏసినా మళ్ల బయటికొస్తున్నయ్, ఏం జెయ్యాలె?

నల్లగొండ_పాతిల్లు:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ దగ్గర ఊరు. తాత కట్టిన ఇల్లు, రాతిగోడలు, మట్టితోని కట్టి సున్నం గిలాబు చేసిన్రు, పైన డిస్టెంపర్. నాయిన పోయినంక అమ్మ ఒక్కతే ఉంటది, దసరా వరకన్న ఇల్లు మంచిగ జేసియ్యాలని నా తండ్లాట. పక్క అర్రల కింది నుంచి మోకాలెత్తు దాక గోడ నానినట్టు నల్ల మరక, ఎండకాలం అదే జాగల తెల్ల పొడి రాలుతది. పోయినేడు పెయింటర్‌ను పిలిస్తే లప్పం పెట్టి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఏసి, దాని మీద ఎమల్షన్ కొట్టిండు, 18 వేలు అయినయ్. వానలు మొదలైన రెండు నెలలకే పూరీ పొంగినట్టు పొంగింది, వేలితోని ఒత్తితే కరకరమని పెచ్చు ఊడి లోపలికెళ్లి ఉప్పు లెక్క పొడి చేతిల పడ్డది. ఇప్పుడు మరక నడుమెత్తు దాక ఎక్కింది. ఇవిగాక వంటింట్ల పొగ మరక, తలుపు పక్కన పసుపు మరక, కప్పు కింద గోధుమ రంగు చార. ఎవరికి ఏది పనిజేసిందో చెప్పుండ్రి.

పాలమూరు_పెయింటర్:
అన్నా, నేను 22 ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. మీ గోడకు లప్పం పెట్టుడే తప్పైంది. సున్నం గోడల నెమ్ము ఉన్నా ఎప్పటికప్పుడు ఆరిపోతది, దాని మీద లప్పం, ప్లాస్టిక్ పెయింట్ పడితే ఆరే తొవ్వ మూసుకపోతది, అప్పుడు ఆ నెమ్ము పైపైకి ఎక్కుతది. మీ మరక మోకాలు నుంచి నడుముకు పోయింది అందుకే. ముందు ఒక పని చెయ్యుండ్రి, మందపాటి ప్లాస్టిక్ కవర్‌ను మూరెడు కోసి నాలుగు దిక్కుల టేపు అంటించి రెండు రోజులు ఉంచుండ్రి. కవర్ లోపలి దిక్కు నీటి బొట్లు వస్తే నెమ్ము గోడలకెళ్లి వస్తున్నట్టు, బయటి దిక్కు వస్తే అర్రల గాలి ఆడక వచ్చేది.

జడ్చర్ల_అక్క:
మేము గిట్లనే విసిగి నాలుగు ఫీట్ల ఎత్తు టైల్స్ అతికిచ్చినం తమ్మీ. ఏడాది తిరగంగనే టైల్స్ పైన కొత్త మరక తేలింది. పైసలు పోయినయ్, మరక పోలే. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు.

వనపర్తి_సార్:
ఒక మాట అడుగుత, ఆ పక్క అర్రల ముందు ఏముండె? మరక ఆ ఒక్క అర్రలనే ఎందుకున్నదో అమ్మను అడిగి చూడండి.

నల్లగొండ_పాతిల్లు:
సార్, ఇప్పుడే ఫోన్ చేసిన. నేను పుట్టకముందు అది బర్ల కొట్టమట! నాలుగు బర్లు కట్టేసేదట, తర్వాత గోడ పెట్టి అర్ర చేసిన్రట. నాకు ఇన్నేండ్లు తెల్వదు. కవర్ కూడ పెట్టిన, లోపలి దిక్కే బొట్లు వచ్చినయ్.

వనపర్తి_సార్:
అయితే అదే కారణం. ఏండ్ల తరబడి పశువుల ఉచ్చ, పేడ నేలలకు, గోడలకు ఇంకితే నైట్రేట్ లవణాలు తయారైతయ్. మన ఊర్లల్ల చౌడు అనేది ఇట్లాంటిదే. ఈ ఉప్పు వానకాలం గాలిల ఉన్న తేమను కూడ గుంజుకుంటది, అందుకే పైన ఎక్కడ లీకు లేకున్నా గోడ తడిగ కనిపిస్తది, ఎండకాలం నీళ్లు ఆరి ఉప్పు తెల్లగ పైకి తేలుతది. దయచేసి ఆ తెల్ల పొడిని తడిబట్టతోని తుడవకండి, కరిగి మళ్ల గోడలకే పోతది. పొడి బ్రష్‌తోని దులిపి, కింద పేపర్ పరిచి ఎత్తి బయట పారెయ్యాలె.

నల్లగొండ_పాతిల్లు:
అమ్మ నాలుగైదు సార్లు బోరు నీళ్లతోని కడిగింది సార్. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు కదా, ఆ తెలుపు ఫ్లోరైడ్‌దే అనుకున్నం.

వనపర్తి_సార్:
బోరు నీళ్లు ఆరినంక మిగిలే తెలుపు ఎక్కువ కాల్షియందే, బకెట్‌కు పట్టే పొర లెక్క. ఫ్లోరైడ్ కంటికి కనపడదు.

పాలమూరు_పెయింటర్:
ఇగ పని చెప్త. మరక యాడిదాక ఉన్నదో దానికి ఇంకో ఫీటు పైదాక గిలాబు మొత్తం గీకెయ్యుండ్రి, లప్పం, కోటింగ్ అన్నీ పోవాలె. ఎండకాలమంత రాయి కనపడేటట్టే ఇడిసిపెట్టుండ్రి, తేలిన ఉప్పు వారం వారం దులపాలె. తర్వాత సున్నం, ఇసుకతోనే గిలాబు. సిమెంట్ చెంచాడు కూడ కలపనియ్యకుండ్రి, మేస్త్రి గట్టిగుంటదని చెప్తడు, వినకుండ్రి. కొన్నేండ్లకు ఆ గిలాబు కూడ ఉప్పు పీల్చుకొని రాలుతది, అప్పుడు ఆ జాగ ఒక్కటే మళ్ల చేసుకోవాలె, రాయి మాత్రం బాగుంటది.

దేవరకొండ_కోడలు:
పసుపు మరక సంగతి నేను చెప్త. మా ఆడబిడ్డ పెండ్లిల గోడకు పసుపు చేతులు అంటినయ్, నేను సబ్బునీళ్లతోని రుద్దిన, అంత ఎర్రగైంది! భయపడ్డ. పసుపుల సున్నం కలిపితే పారాణి అయితది కదా, సబ్బుకు కూడ అంతే. నిమ్మకాయ రసం దూదితోని అద్దితే మళ్ల పసుపు రంగుకొచ్చింది, తర్వాత తలుపు తీసి ఎండ తగలనిస్తే కొన్ని దినాలకు వెలిసిపోయింది. సున్నం గోడకు నిమ్మరసం ఎక్కువ పెట్టొద్దు, సున్నాన్ని తింటది, చుక్క చాలు.

మిర్యాలగూడ_రైస్‌మిల్లు:
పొగ మరకకు మేము బ్లీచింగ్‌ల బాత్‌రూం యాసిడ్ కలిపి కొట్టినం, తొందరగ పోయింది.

వనపర్తి_సార్:
ఆ పని ఎవ్వరూ చెయ్యకండి! బ్లీచింగ్‌ల యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తది, తలుపులు మూసిన వంటింట్ల ప్రాణం మీదికొస్తది. మీకేం కాలేదంటే అదృష్టం అన్నా.

పాలమూరు_పెయింటర్:
పొగకు బట్టల సోడా గోరువెచ్చని నీళ్లల్ల కలిపి స్పాంజితోని, గ్లౌజులు ఏసుకొని, కింది నుంచి పైకి కడగాలె. పై నుంచి మొదలుపెడితే కారిన మురికి నీళ్లు కింద చారలు కడతయ్, మళ్ల అవి పోవు. కానీ ముందు తడివేలితోని గోడను రుద్ది చూడుండ్రి, వేలికి రంగు అంటితే అది డిస్టెంపర్, కడిగితే రంగే పోతది. అట్లయితే గీకి కొత్తగ ఏసుడే. పొగ జిడ్డు, కప్పు కింద గోధుమ చార, రెండూ నీళ్ల పెయింట్ ఏస్తే దాంట్ల కరిగి పైకి తేలుతయ్, ఎన్ని కోట్లు ఏసినా అంతే. కప్పు లీకు బంద్ చేసి, గోడ బాగ ఆరినంక ఆ మరక మీద వరకు ఆయిల్ ప్రైమర్ ఒక కోటు ఏసి, దాని మీద మీ పెయింట్ ఏసుకోండి. కొట్టం అర్రల మాత్రం ఆయిల్ ప్రైమర్ వద్దు.

జడ్చర్ల_అక్క:
తలుపులకు, కిటికీలకు పాత ఎనామిల్ ఉంటే జాగ్రత్త తమ్మీ. 2017 నవంబర్ 1 నుంచి ఇండ్ల పెయింట్లల్ల సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లల్ల 90 పాళ్లు, దాటొద్దని రూల్ ఉన్నది, అంతకుముందు ఏసిన దాంట్ల ఎంతున్నదో చెప్పలేం. పొడిగ రాకితే దుమ్ము పిల్లల ఊపిరిలకు పోతది. వాటర్ పేపర్ తడిపి రాకాలె, పిల్లలను ఆ రోజు ఇంకో ఇంటికి పంపాలె.

నల్లగొండ_పాతిల్లు:
అప్‌డేట్. ఫిబ్రవరిల గీకిచ్చిన, మే ఆఖరు దాక ఇడిసిపెట్టిన. మొదటి నెల వారానికి చేటెడు ఉప్పు ఎత్తినం, ఏప్రిల్ వరకు పిడికెడుకొచ్చింది. సున్నం గిలాబు అయింది. ఈ వానకాలం మరక ఉన్నది కానీ గిద్దెడంత, అదీ ఒక మూలకే. అమ్మ ఆ అర్రల మంచం ఏసుకున్నది. ఒక్క డౌట్, సున్నం ఏస్తే చీరకు అంటుతదని అమ్మ అంటున్నది, ఏం కలపాలె?

పాలమూరు_పెయింటర్:
తుమ్మ జిగురు నానబెట్టి వడగట్టి కలపుండ్రి, లేకుంటే గంజి. కొందరు పట్టు కోసం ఉప్పు ఏస్తరు, మీ గోడకు అది వద్దే వద్దు. గోడను ముందు తడిపి, నీళ్లలెక్క పల్చగ రెండు పూతలు, మొదటిది పూర్తిగ ఆరినంకనే రెండోది.