మంథర చేసిన పనికి ‘నూరిపోయడం’ సరిపోతుందా?

ప్రశ్న: ఒక నాటకం రాస్తున్నాను. అందులో విలన్ కత్తి పట్టడు, గొంతు కూడా పెంచడు. పక్కన కూర్చుని మాట్లాడతాడు, అంతే. చివరికి అవతలివాళ్లు తమ కొంప తామే కూల్చుకుంటారు. ఈ పనికి తెలుగులో ఏమనాలి? ‘మానిప్యులేట్ చేశాడు’ అని పాత్రల చేత పలికించడం నాకు ఇష్టం లేదు.

జవాబు: చాడీలు చెప్పడం, పుల్లలు పెట్టడం. ఇంతకంటే ఏం కావాలండీ?

జవాబు: ఆ రెండూ చిన్న పనులు. చాడీ ఒకసారి చెప్పి వెళ్లిపోవచ్చు. పుల్ల పెట్టేవాడికి ఇద్దరి మధ్య గొడవ రేగితే చాలు. మీరు చెప్పే విలన్‌కి కావలసింది అవతలి మనిషి మనసు మారడం. దానికి నా ఓటు ‘నూరిపోయడం’. మందు నూరి పోసేది మన బాగు కోరే మనిషే అని కదా నమ్మకం. కొంచెం కొంచెంగా పోస్తారు, తాగేవాళ్లు నోరు తెరుస్తారు.

మంథరనే చూడండి. వాల్మీకి అయోధ్యకాండలో 7, 8, 9 సర్గలు చదివితే మీ నాటకానికి పాఠం దొరుకుతుంది. ఆమె కైకేయి పుట్టింటి దాసి, అంటే ‘మనది’ అనుకునే మనిషి. రాముడి పట్టాభిషేకం అని చెప్పగానే కైకేయి సంతోషపడి నగ బహుమానంగా ఇస్తుంది. మొదటి మోతాదు పనిచెయ్యలేదన్నమాట. మంథర ఆ నగ విసిరికొట్టి మళ్లీ మొదలుపెడుతుంది. భరతుడు దాసుడైపోతాడంటుంది. కైకేయి రాముడి గుణాలు పొగుడుతుంది. అప్పుడు మంథర, రాముడి తర్వాత రాజ్యం రాముడి కొడుకుదే, భరతుడి వంశానికి ఇక దక్కదంటుంది. చివరికి అసలు మాట తీస్తుంది: భర్త ప్రేమ చూసుకుని గర్వంతో నువ్వు కౌసల్యను చులకన చేశావు, ఆమె పగ తీర్చుకోకుండా ఉంటుందా?

ఆ సర్గ దాదాపు అక్కడితో అయిపోతుంది. తర్వాతి సర్గ మొదట్లోనే కైకేయి ముఖం కోపంతో మండుతూ ఉంటుంది. నన్నడిగితే ఆమెను పడగొట్టింది భరతుడి మీద ప్రేమ కాదు, తను కౌసల్యకు చేసింది తనకు తెలిసి ఉండడం. మంథర అక్కడ కల్పించింది ఏమీ లేదు. కైకేయి లోపల ఉన్న బెరుకునే తీసి ఆమెకు చూపించింది.

ఇంకో తమాషా. ఉపాయం చెప్పమని అడిగేది కైకేయే. మంథర వెంటనే చెప్పదు. ‘నీకు గుర్తులేదా, లేక నా నోట వినాలని దాస్తున్నావా’ అంటుంది. రెండు వరాల సంగతి ఒకప్పుడు కైకేయి తనకు చెప్పిందే! కోపగృహంలో మాసిన బట్టలతో నేల మీద పడుకోమనీ, రాజు రత్నాలిస్తానన్నా పుచ్చుకోవద్దనీ నేర్పిస్తుంది. అంతా అయ్యాక కైకేయి ఆమె అందాన్ని పొగుడుతుంది, గూనితో సహా. మోసపోయిన మనిషికి మోసగించినవాళ్లు అంత అందంగా కనిపిస్తారని రాయడానికి ధైర్యం కావాలి.

జవాబు: బాగుంది కానీ ‘పిల్లలకు దేశభక్తి నూరిపోశారు’ అని మంచికీ వాడతాం కదా. విలన్‌కి ఎలా అతుకుతుంది?

జవాబు: మంచికీ వాడతాం కాబట్టే అతుకుతుంది. మీ విలన్‌ని అడిగితే ‘నేను మంచే చెప్పాను’ అంటాడు. పైగా ‘విషం నూరిపోశాడు’ అని ఒక మాట ముందు చేరిస్తే అనుమానమే ఉండదు. నేనైతే చేర్చను, ప్రేక్షకులకు వదిలేస్తాను.

జవాబు: ‘చెప్పుడు మాటలు’ ఎవరూ ఎత్తలేదేం? ‘చెప్పుడు మాటలు విని చెడిపోయాడు’ అంటాం. అందులో తప్పంతా విన్నవాడిదే, చెప్పినవాడు కనిపించడు.

ప్రశ్న అడిగినవారు: అయితే రెండూ వాడతాను. ఇల్లు కూలాక ఊరివాళ్లు ‘చెప్పుడు మాటలు విన్నాడు’ అంటారు. అప్పుడు భార్య ఒక్కతే లేచి, ‘వినలేదు, వీడు నూరిపోశాడు’ అని విలన్ వైపు చెయ్యి చూపిస్తుంది.

జవాబు: ‘నూరిపోశాడు’ ముందు ‘రోజూ’ పెట్టండి. ఆ క్రియకి అది కావాలి.