‘లేఅవుట్ చెదిరింది’ అనాలా, ‘సర్దుకోలేదు’ అనాలా?

బ్రౌజర్‌లో ఒక పెట్టెలోని పాఠ్యం మారినా దాని చుట్టూ ఉన్నవి కదలకపోతే, ఆ దోషం గురించి రాసే ఫిర్యాదులో ‘లేఅవుట్ (అంటే పేజీలోని పెట్టెల అమరిక) చెదిరింది’ అనవచ్చా అని మీరు అడిగారు. అనకపోవడమే మేలని నా అభిప్రాయం. కుదురుగా ఉన్నది చోటు తప్పితే చెదిరిందంటాం. ఇక్కడ కదలవలసినవి కదలకుండా ఉండిపోయాయి.

పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ ఒక పెట్టెలో కొత్త వరుస చేర్చినప్పుడు బ్రౌజర్ సాధారణంగా పేజీ మొత్తాన్ని తిరిగి కొలవదు. ఆ పెట్టె కొలత పాతబడిందని ఒక గుర్తు పెట్టుకుని, ఆ సంగతి దాని పైనున్న పెట్టెలకూ అందించి, తర్వాత అవసరమైన మేరకే కొలిచి, చోట్లు నిర్ణయించి, చివరగా తెర మీద గీస్తుంది. ఆ గుర్తు ఎక్కడైనా తప్పిపోయిందంటే పెట్టె ఎత్తు పాతదే మిగిలిపోతుంది, కొత్త వరుస వచ్చి కింది బటన్ మీద పడుతుంది. అప్పుడు స్క్రిప్ట్‌తో ఎత్తు అడిగినా పాత అంకే రావచ్చు, ఎందుకంటే బ్రౌజర్ దృష్టిలో కొలవవలసినదేదీ లేదు. బ్రౌజర్ కిటికీ వెడల్పు కాస్త మార్చి చూడండి, చాలాసార్లు అంతా కుదురుకుంటుంది.

కనుక ‘సర్దుకోలేదు’ అన్నదే సరైన మాట. ‘బ్రౌజర్ సర్దలేదు’ అంటే తప్పు దానిదేనని తీర్పు చెప్పినట్టవుతుంది. ‘పెట్టె సర్దుకోలేదు’ అంటే కంటికి కనిపించినది మాత్రమే చెప్పినట్టు. పేజీ రాసినవారే పెట్టె ఎత్తును పిక్సెళ్లలో బిగించి ఉంటే బ్రౌజర్‌ను నిందించి ప్రయోజనం లేదు గనుక, ఫిర్యాదును రెండో వాక్యంతో మొదలుపెట్టడమే న్యాయం.

ఇలా తిరిగి కొలిచి చోట్లు నిర్ణయించే పనిని, బ్రౌజర్లను నడిపే ఇంజన్లలో ఒకటైన గెకోలో ‘రీఫ్లో’ అనీ, వెబ్‌కిట్, బ్లింక్ అనే ఇంజన్లలో ‘లేఅవుట్’ అనీ అంటారు. ‘రీఫ్లో’కు తెలుగులో ‘పునఃప్రవాహం’ అన్న సూచన నాకు రుచించలేదు; అది వింటే నీళ్లు గుర్తుకొస్తాయి గాని పెట్టెలు గుర్తుకు రావు. నామవాచకమే కావాలంటే ‘పునరమరిక’ చాలు.

కొలతలు సరిగానే ఉండి తెర మీద పాత బొమ్మ మిగిలితే అది ‘తిరిగి గీయలేదు’ అనవలసిన దోషం. మౌస్‌తో ఆ పాఠ్యాన్ని ఎంపిక చేయగానే బాగుపడితే దీన్నే అనుమానించాలి.

ఆలస్యంగా వచ్చిన బొమ్మ పేరాలను కిందికి నెట్టడం మరొకటి. పేజీ వాడుకరికి ఎంత సౌకర్యంగా ఉందో కొలిచేందుకు గూగుల్ 2020లో ప్రకటించిన కోర్ వెబ్ వైటల్స్‌లో దానికి ఒక కొలమానం కూడా ఉంది. అక్కడ బ్రౌజర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, చదువరికే చికాకు. దీన్ని ‘జరిగింది’ అని మాత్రం ఊరుకోకండి, ఏం జరిగిందని ఎదురు ప్రశ్న వస్తుంది. ‘కిందికి జరిగింది’ అనండి.

ఇక మీరు రాయబోయే ఫిర్యాదుకు ఈ వాక్యం సరిపోతుందేమో చూడండి: “వరుస చేర్చిన తర్వాత పెట్టె ఎత్తు పెరగలేదు, కింది బటన్ సర్దుకోలేదు, కిటికీ వెడల్పు మార్చితే రెండూ సర్దుకున్నాయి.”