పేమెంట్ నడుస్తుంటే బ్యాక్ బటన్ ఆపేయాలా? మా ఆఫీసులో గొడవ తెగడం లేదు

మారతహళ్ళి డెవ్
మాది బెంగళూరులో బస్ టికెట్ల యాప్, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకే కోడ్ రాసుకునే ఫ్లట్టర్‌లో రాశాం. మా ప్రొడక్ట్ మేనేజర్ గారు నాలుగు చోట్ల బ్యాక్ పనిచేయకూడదంటున్నారు. హోమ్‌లో నొక్కితే "బయటికి వెళ్ళాలంటే మళ్ళీ నొక్కండి" అని రావాలట. ఓటీపీ దాటాక వెనక్కి పోకూడదు. పేమెంట్ నడిచేటప్పుడు స్క్రీన్ కదలకూడదు. టికెట్ వచ్చాక మళ్ళీ పేమెంట్ పేజీ కనపడకూడదు. నాలుగింటికీ బ్యాక్‌ని అడ్డుకునే పాప్‌స్కోప్ చుట్టి, అందులో క్యాన్‌పాప్ ఫాల్స్ (అంటే వెనక్కి వెళ్ళనివ్వొద్దని) పెట్టేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. బ్యాక్ అనేది వాడేవాళ్ళది, దాన్ని మనం గుప్పిట్లో పెట్టుకోవడమేంటి? మీరేమంటారు?

కడప కుర్రోడు
ఆపేయ్ బ్రో. డబ్బుల వ్యవహారం. ఎవడో రెండుసార్లు కట్టేసి ఒక్క స్టార్ ఇచ్చాడంటే అప్పుడు మీటింగుల మీద మీటింగులు.

పాత జావా
నాలుగూ ఒకే జబ్బు అనుకోవడంలోనే ఉంది తిరకాసంతా. ఓటీపీ, టికెట్ రెండింటిలోనూ బ్యాక్ ఆపాల్సిన పనే లేదు. ఆ పేజీ కింద ఏమేం పేర్చి ఉన్నాయన్నదే అసలు సంగతి. లాగిన్ అవగానే ఫ్లట్టర్‌లోని పుష్ అండ్ రిమూవ్ అంటిల్ అనే ఆదేశంతో పాత పేజీలన్నీ తీసేసి హోమ్ పెట్టండి. నేటివ్‌లో, అంటే నేరుగా ఆండ్రాయిడ్ కోడ్ రాసేవాళ్ళకైతే అదే పనికి పాప్ అప్ టు, దాంతోపాటు ఇన్‌క్లూజివ్ ట్రూ. టికెట్ పేజీ కింద హోమ్ ఒక్కటే ఉంటే బ్యాక్ నొక్కినవాళ్ళు నేరుగా హోమ్‌కే వస్తారు. ఈ పేజీల దొంతర, అదే స్టాక్, సరిగ్గా కట్టనివాళ్ళే బటన్ మీద పడతారు, ఎన్నో ప్రాజెక్టుల్లో చూశాను.

హోమ్‌లో ఆ "మళ్ళీ నొక్కండి" కూడా ఇప్పుడు దండగే. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐకాన్ నొక్కగానే తెరుచుకునే యాప్ మొదటి స్క్రీన్‌లో బ్యాక్ నొక్కితే ఆ స్క్రీన్ (యాక్టివిటీ) ముగిసిపోదు, యాప్ తెర వెనక్కి జరుగుతుందంతే. పొరపాటున నొక్కినా, తిరిగి తెరిస్తే సాధారణంగా ఉన్నచోటే ఉంటారు. పోయేదేముంది?

క్యూఏ అక్క
జావా గారూ, ఆ రెండింటికీ ఒప్పుకుంటాను. పేమెంట్ దగ్గర మాత్రం ఒప్పుకోను. మీరు ఏసీ గదిలో వైఫై మీద టెస్ట్ చేస్తారు. పండక్కి ఊరెళ్ళేవాళ్ళు టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి, ఓ చేత్తో బ్యాగు, ఓ చేత్తో ఫోను పట్టుకుని బుక్ చేస్తారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. టెన్షన్‌తో బ్యాక్ కొట్టి మళ్ళీ "చెల్లించు" నొక్కుతారు. ఆ కాసేపు ఆపితే తప్పేంటి?

పాత జావా
ఆపి చూడమ్మా, ఆగుతుందా? యూపీఐ అంటే పేమెంట్ జరిగేది వేరే యాప్‌లో. అక్కడ బ్యాక్ కొడితే మన పాప్‌స్కోప్‌కి తెలియను కూడా తెలియదు. హోమ్ నొక్కొచ్చు, రీసెంట్స్‌లోంచి యాప్‌ని తోసేయొచ్చు, మెమరీ చాలక ఫోనే చంపేయొచ్చు. రెండుసార్లు కట్టకుండా కాపాడాల్సింది సర్వర్. ఆ బుకింగ్‌కి ఒకే ఆర్డర్ నంబర్ ఉండాలి. మళ్ళీ నొక్కితే కొత్త పేమెంట్ మొదలవకూడదు, ముందుదాని సంగతి ఏమైందో కనుక్కోవాలి. తేలకపోతే "పెండింగ్" అని చూపించాలి. యాప్‌కి తిరిగొచ్చిన జవాబుని నమ్మి టికెట్ ఇవ్వకూడదు కూడా.

క్యూఏ అక్క
సర్వర్ అలా ఉంటే మంచిదే. ఉందా లేదా అన్నది మారతహళ్ళి తమ్ముడే చెప్పాలి. ఉన్నా సరే, మనిషికి ఏదో ఒక మాట చెప్పాలి కదా. "పేమెంట్ ఇంకా తేలలేదు, వెళ్ళిపోతే మై బుకింగ్స్‌లో చూసుకోండి" అని ఓ డైలాగ్, అందులో బయటికి దారి. నేనడిగేది తాళం కాదు.

మారతహళ్ళి డెవ్
అక్కా, సర్వర్‌లో ప్రతి నొక్కుడికీ కొత్త ఆర్డర్ పుడుతోంది. ఇవాళే చూశాను.

కడప కుర్రోడు
అయితే బ్యాక్ ఆపినా గోవిందా 😀

వైట్‌ఫీల్డ్ ఫ్లట్టర్
డైలాగ్ పెట్టేముందు ఒక మాట. పాత విల్‌పాప్‌స్కోప్ బ్యాక్ నొక్కాక "వెళ్ళనా?" అని అడిగేది. 2023లో ఫ్లట్టర్ 3.16తో వచ్చిన పాప్‌స్కోప్‌కి వెళ్ళనివ్వాలో వద్దో ముందే చెప్పి ఉంచాలి. ఎందుకంటే ఆండ్రాయిడ్ కొత్త పద్ధతి ప్రెడిక్టివ్ బ్యాక్‌లో వేలు ఇంకా జరుపుతుండగానే వెనకాల ఏముందో సిస్టమ్ చూపిస్తుంది. కాబట్టి క్యాన్‌పాప్‌ని ఎల్లకాలం ఫాల్స్‌లోనే ఉంచకండి. పేమెంట్ నడుస్తున్నంతసేపే ఫాల్స్, తేలగానే ట్రూ. ఐఫోన్‌లో అది ఫాల్స్‌గా ఉంటే అంచు స్వైప్ అసలు కదలదు, మీ డైలాగూ రాదు. పైన బాణం గుర్తు కూడా తీసేశారంటే మనిషి ఇరుక్కుపోయినట్టే.

ఆండ్రాయిడ్ 16ని టార్గెట్ చేసిన (దాని నియమాలకి తయారుచేసిన) యాప్‌లకి ఆ ఫోన్లలో ప్రెడిక్టివ్ బ్యాక్ మామూలుగానే ఆన్ అయి ఉంటుంది, బ్యాక్ నొక్కితే నడిచే పాత ఆన్‌బ్యాక్‌ప్రెస్డ్ కోడ్‌ని సిస్టమ్ పిలవదు. యాప్ సెట్టింగులుండే మానిఫెస్ట్ ఫైల్‌లో ప్రస్తుతానికి ఆఫ్ చేసుకోవచ్చు గానీ, అది వాయిదా మాత్రమే. నేటివ్ కోడ్ ఏదైనా కలిపి ఉంటే అందులో అది ఉందేమో వెతకండి.

క్యూఏ అక్క
అసలు బ్యాక్ ఫిర్యాదులు ఎక్కువ వచ్చేది సీట్ల పేజీలో, దాన్నెవరూ ఎత్తలేదు. స్లీపర్ బస్ మ్యాప్‌ని పక్కకి జరపబోతే, అంచు నుంచి వేలు జరిపితే వెనక్కెళ్ళే జెశ్చర్ దాన్ని పట్టుకుని, ఎంచుకున్న సీటు పోతుంది.

వైట్‌ఫీల్డ్ ఫ్లట్టర్
అంచుని మినహాయించమని సిస్టమ్‌ని అడగొచ్చు, కానీ ఒక్కో అంచుకి 200 డీపీ (స్క్రీన్ కొలత) ఎత్తు వరకే ఇస్తుంది. మ్యాప్ మొత్తానికి చాలదు. ఎంచుకున్న సీటుని పేజీ బయట దాచుకుంటే వెనక్కెళ్ళొచ్చినా ఉంటుంది.

మారతహళ్ళి డెవ్
సరే. ఓటీపీ, టికెట్ పేజీలకి స్టాక్ మారుస్తాను, సీటు దాచడం ఈ స్ప్రింట్‌లోనే, అంటే ఈ విడత పనిలోనే. ఆర్డర్ నంబర్ బగ్ సర్వర్ చూసే బ్యాకెండ్ వాళ్ళకి వేశాను, అది సర్దేదాకా అక్క చెప్పిన డైలాగ్ ఉంటుంది. హోమ్‌లో "మళ్ళీ నొక్కండి" మాత్రం మేనేజర్ గారు వదిలేలా లేరు. వేరే యాప్‌ల్లో ఉంది కదా అంటున్నారు.

పాత జావా
ఆయన ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఏ వెర్షనో కనుక్కో ముందు.